తోడువాడి గొట్టం

తెల్లవారితే లక్షద్వీప్ ప్రయాణం. దూర ద్వీపాలకు పోయే పడవ కోసం అమరనాథ్ యలహంకలోని తన గదిలో డైవింగ్ సామాను సర్దుకుంటున్నాడు. రాత్రి పది దాటింది. గత ఏడాది సముద్రంలో పోయిన స్నేహితుడు లలిత్ తల్లి శశికళ, దారిలో తినమని వేరుశనగ పొడి తెచ్చి గుమ్మంలో నిలబడింది.

“గాలి అయిపోయి నా కొడుకు అల్లాడతా ఉంటే, నీ గాలి ఇచ్చినావంట కదప్పా. నువ్వు సల్లంగా ఉండల్ల.”

అమరనాథ్ తల దించుకున్నాడు. డైవరు సిలిండరుకు రెండు శ్వాసగొట్టాలుంటాయి, రెండవది తోడువాడికి. ఆనాడు లలిత్ చెయ్యి చాచగానే, ఆ రెండో గొట్టాన్ని లాగేసుకుని పైకి వచ్చేసినవాడు తానే. ఇచ్చానని అందరికీ చెప్పుకున్నవాడూ తానే.

వెనుక, గొట్టాలు సర్దిన సంచిలో ఎవరో గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు. గొట్టాలకు సిలిండరు లేదు; అది పడవలోనే ఇస్తారు.

శశికళ చెవి రిక్కించింది. “లోపల ఎవురప్పా, అట్ల ఎగపీలుస్తా ఉండాడు?”

నిజం అతని నాలుక చివరిదాకా వచ్చింది.

“ఎవరూ లేరమ్మా.”

ఆ మాటతో సంచిలోని ఊపిరి ఆగిపోయింది. శశికళ మాత్రం చెప్పులు విడిచి, సంచి వైపు నడిచింది.