రెండు గీతల పెట్టె

రెండు గీతల పెట్టెలోని ఖర్బూజా మీద బొటనవేలు ఆనించగానే, వేలు కణుపు దాకా లోపలికి దిగిపోయింది.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. పక్క కాయ నొక్కింది. అదీ అంతే. అడుగునున్నవైతే నీరు కారుతున్నాయి.

“చూశారుగా అమ్మాయిగారూ!” అన్నాడు హోటళ్లకు సరుకు కొనే పెద్దమనిషి. “నిలవుంటాయని ఇచ్చారు. తెల్లారేసరికి మెత్తబడిపోయాయని మా వంటవాళ్లు నా నెత్తిన పోశారు. ఇంకొక్కసారి ఇలా జరిగిందా, ఎదురు మండీకి పోతా. మీ నాన్నగారి మొహం చూసి ఈసారికి ఊరుకుంటున్నా.”

ఆయన పోతే సగం సరుకు కదలదు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

వాళ్ల పండ్ల మండీ తూకంతో నడవదు, నాన్న ముక్కుతో నడుస్తుంది. పొద్దున్నే లారీ దిగగానే ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పెట్టెకో కాయ తీసి, తొడిమ దగ్గర వాసన చూసి, సుద్దముక్కతో గీత గీస్తాడు. ఒక గీతంటే ఈరోజే అమ్మెయ్యాలి. రెండు గీతలంటే కాయ గట్టిది, నిలవుంటుంది. ఆ గీత చూసి పెట్టె తెరవకుండానే కొనుక్కుపోతారు బజారంతా.

నాన్న ముక్కు తప్పదు. అంటే, ఆ గీతల్ని ఎవరో మారుస్తున్నారు.

“నాన్నా, మనలో ఎవరో దొంగ ఉన్నారు,” అంది ఆమె ఆ సాయంత్రం.

ఆయన తల ఎత్తలేదు. “సుద్దగీతే కదమ్మా. చేత్తో తుడిస్తే పోతుంది.”

“తుడిచేదెవరు? గోదాంలోకి మనం ముగ్గురమే కదా వెళ్లేది!”

ఆయన చాలాసేపు తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. చివరికి గొణిగాడు. “అల్లుణ్ణి ఓ కంట కనిపెట్టు.”

ఆ మాటంటూ కూతురి కళ్లలోకి చూడలేకపోయాడు. ఇల్లరికం తెచ్చుకున్న అల్లుణ్ణి అనుమానించడానికి ఎంత నలిగిపోతున్నాడో అనుకుంది ఆమె.

అన్నం దగ్గర భర్తను కదిపింది.

“నిన్న మధ్యాహ్నం ఎటెళ్లారు?”

“బ్యాంకుకి.”

“నిన్న బ్యాంకు సెలవు.”

అతను ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

“ఎదురు మండీ ఓనరు, ఆ నవ్వులాయన దగ్గరికి వెళ్లారట.”

“వెళ్లాను.”

“ఎందుకో?”

“ఊరికే.”

“ఊరికే వెళ్లినవాళ్లకి ఆయన మంచినీళ్లు కూడా ఇవ్వడు. పళ్లు మాత్రం ఇకిలిస్తాడు.”

“కూర వెయ్యి,” అన్నాడతను.

కూర గిన్నె అతని ముందుకు తోసి లేచిపోయింది. చొక్కా జేబు మీద తెల్లటి సుద్దపొడి అప్పటికే ఆమె కంటపడింది.

మర్నాడు పొద్దున తలనొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని అందరికీ వినిపించేలా చెప్పింది. వీధి చివరి దాకా వెళ్లి, వెనక దారిన గోదాంలోకి దూరి, ఖాళీ పెట్టెల వెనక నక్కింది.

నాన్న ఎప్పటిలాగే వాసన చూసి గీతలు గీసి, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. ఆయన అడుగుల చప్పుడు ఆగీ ఆగకముందే ఆమె భర్త లోపలికొచ్చాడు.

అటూ ఇటూ చూశాడు. గబగబా ఓ కాయ తీసి మొహం దగ్గర పెట్టుకున్నాడు. ‘అబ్బో! ఎవరైనా చూస్తే పనిలో ఉన్నాడనుకోవాలని నటన!’ అనుకుంది ఆమె. తడిగుడ్డతో పెట్టె మీది రెండు గీతలూ తుడిచాడు. జేబులోంచి సుద్దముక్క తీసి ఒకటే గీశాడు. పక్క పెట్టె. ఆ పక్కది. బయట నాన్న దగ్గు వినిపించగానే మిగతావి వదిలేసి లేచాడు.

“చాలా? ఇంకా ఉన్నాయా?” అంటూ ఆమె ఇవతలికొచ్చింది.

అతను సుద్దముక్క జేబులో వేసుకోబోయి ఆగాడు.

“గీతలు మారుస్తున్నది మీరేనా?”

“నేనే.”

“నవ్వులాయన ఏం ఆశపెట్టాడు? మండీలో వాటా ఇస్తానన్నాడా?”

“నేనే అన్నాను కదా. ఇంకేం అడక్కు.”

తడి మొహంతో నాన్న గుమ్మంలో నిలబడిపోయాడు.

“నాన్నా, మీరన్నదే నిజమైంది!” ఆమె భర్త వైపు వేలు చూపించింది. “మీ ముక్కుకి చెడ్డపేరు తెచ్చింది ఈయనే!”

“మామయ్యగారూ, మీరు లోపలికెళ్లండి,” అన్నాడు అల్లుడు మెల్లిగా.

“నాన్నని వెళ్లమనడానికి మీరెవరు? వెళ్లాల్సింది మీరు! బట్టలు సర్దుకోండి. ఈ మండీలోకే కాదు, నా ఇంట్లోకి కూడా మళ్లీ అడుగు పెట్టొద్దు.”

అతను చేతులు దులుపుకున్నాడు. గుమ్మం దాటబోతూ మామగారి పక్కన ఆగాడు. “వెనక తలుపు దగ్గర నవ్వులాయన దగ్గర కొన్న పెట్టెలున్నాయి. హోటళ్లాయనకి ఈరోజు అవే పంపండి. గట్టి కాయలు.”

“విన్నారా నాన్నా!” ఆమె అరిచింది. “వాడి సరుకు తెచ్చి మన పేరు మీద అమ్మిస్తున్నాడు! ఎంత ధైర్యం!”

అతను చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు.

పెద్దాయన చెయ్యి చాచి అల్లుడి భుజం పట్టుకున్నాడు.

“అతన్ని పంపించకమ్మా. తప్పు నాది.”

“మీదేంటి నాన్నా? అల్లుడని వెనకేసుకొస్తున్నారా?”

“నేను తప్పుగా గీసిన గీతలు దిద్దుతూ, ఇన్నాళ్లూ నన్ను వెనకేసుకొచ్చింది అతనే తల్లీ. ఆ సంగతి తెలిసి కూడా, నా పరువు పోతుందని నీ అనుమానం అతని మీదికి తోశాను.”

“నాకేం అర్థం కావట్లేదు నాన్నా.”

ఆయన చేతిలోని తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

“నాకు ఏ వాసనా తెలియడం లేదమ్మా.”