ఒక్క చెడ్డ ముక్క

"ఇదిగో, ఇక్కడ కూడా తవ్వు," అన్నాడు ఇంజనీరు, కొత్త రోడ్డు మీద బూటు కాలితో తట్టి.

కాంట్రాక్టరు అడ్డం వచ్చాడు. "పొద్దున్నుంచీ తవ్వుతూనే ఉన్నారు కదా సార్! అన్నీ గట్టిగానే వచ్చాయి కదా!"

"అదేనయ్యా నా అనుమానం."

రోడ్డును తొలిచే మిషను నడిపే అతను నిట్టూర్చి గొట్టాన్ని రోడ్డులోకి దించాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు. కాసేపటికి నల్లటి ముక్క ఒకటి బయటికొచ్చింది, గుండ్రంగా, రోకలి విరిచినట్టు. ఇంజనీరు దాని మందం కొలిచాడు. గోటితో గీకాడు. సుత్తితో ఒక్కటిచ్చాడు. సుత్తి ఎగిరింది గానీ ముక్క చెక్కుచెదరలేదు. ఆయన మొహం ఇంకాస్త ముడుచుకుంది.

ఇదెక్కడి చోద్యమో చూడండి. కొత్త రూలు ప్రకారం, తవ్వి తీసిన ముక్కలన్నీ గట్టిగా ఉంటే బిల్లు మీద బోనస్. ఒకటి ఫెయిలైతే బోనస్‌లో కొంచెం కోత. అంతకు మించితే బోనస్ హుళక్కి. ఆ బోనస్‌ను నమ్ముకునే మన కాంట్రాక్టరు ఇల్లు తాకట్టు పెట్టి మరీ మేలు రకం తారు, కంకర పోయించాడు. బోనస్ వస్తే ఇల్లు నిలబడుతుంది. లేకపోతే పెళ్ళాం పిల్లలతో బజారున పడాల్సిందే.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, సంతకం అయిందా?"

"లేదే."

"అయ్యో! రోడ్డు బాగాలేదంటున్నారా?"

"బాగుందనే కదే ఏడుపు!" అని పెట్టేశాడు.

ఇంజనీరు అతన్ని జీపు చాటుకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "చూడవయ్యా. ఈ రూలొచ్చాక ఇప్పటిదాకా ఎవరికీ పూర్తి బోనస్ రాలేదు. మొట్టమొదట నీకు నేను రాసిచ్చాననుకో. పైవాళ్ళు ఏమంటారు?"

"రోడ్డు బాగుందంటారు సార్."

"నీ మొహం! నాకెంత ముట్టిందంటారు."

"పైసా ముట్టలేదు కదా సార్!"

"అది నీకూ నాకూ తెలుసు. వాళ్ళకెవరు చెబుతారు? నా ఉద్యోగానికే ఎసరు."

కాంట్రాక్టరు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెడ్డ రోడ్డు వేస్తే జరిమానా, మంచి రోడ్డు వేస్తే అనుమానం. ఎటు కదిలినా ఇల్లు పోయేలా ఉంది.

"మరి నన్నేం చెయ్యమంటారు సార్?"

"ఒక్కటంటే ఒక్క చెడ్డ ముక్క చూపించు. అది ఫెయిలని రాస్తే, పరీక్ష గట్టిగానే చేశాడని నమ్ముతారు. నీ బోనస్‌లో కాస్త తగ్గుతుంది, అంతే. అది దొరికేదాకా మాత్రం తవ్వుతూనే ఉంటా. రోడ్డు జల్లెడైనా సరే!"

కాంట్రాక్టరు ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచాడు. అంచులు చూశాడు. మలుపు చూశాడు. కల్వర్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడిమాడు. అక్కడైతే రోలరును దగ్గరుండి రెండోసారి తిప్పించింది తనే. ఎక్కడా పిసరంత లోపం లేదు.

"ఓ మూలన్నా కాస్త కక్కుర్తి పడి చావకపోయాను!" అని తల బాదుకున్నాడు. తను వేసిన మంచి రోడ్డు మీద నిలబడి తనే ఏడవాల్సి వచ్చినందుకు నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

మిషను అతనికి జాలేసింది. "ఎంత వెతికినా ఇక్కడ దొరకదన్నా."

కాంట్రాక్టరు అతని వంక చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "మిషను బండెక్కించు," అన్నాడు.

ఇంజనీరు జీపులో ఓ కునుకు తీసి లేచేసరికి ఇద్దరూ తిరిగొచ్చారు. కాంట్రాక్టరు తువ్వాలు విప్పి ముక్కను చూపించాడు. ఇంజనీరు బొటనవేలితో అలా నొక్కాడో లేదో, అది పొడిపొడిగా రాలిపోయింది. తారు పేరుకే. లోపలంతా మట్టి.

"ఆహా! ఇదయ్యా నాకు కావలసింది!" ఇంజనీరు మొహం వెలిగిపోయింది. సంబరంగా 'ఒకటి ఫెయిల్' అని రాసి, కింద సంతకం గీకి, బోనస్ కాయితం కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు. "నా సర్వీసులో ఇంత దరిద్రపు ముక్కను చూడలేదనుకో. ఇలాంటి పని చేసినవాణ్ణి జైల్లో పెట్టాలి. ఇంతకీ ఈ రోడ్డులో దీన్నెక్కడ దాచావయ్యా?"

కాంట్రాక్టరు కాయితాన్ని జాగ్రత్తగా మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ రోడ్డులోది కాదు సార్. మీ ఆఫీసు ముందు రోడ్డుది. నిరుడు వేసింది నేను, భేషుగ్గా ఉందని సంతకం పెట్టింది మీరు."