పదో తప్పు

కొత్త సారు గుండుతో వచ్చాడు.

తిరుపతిలో గుండు వింతేమీ కాదు. బస్టాండు పక్క సందులో, మెస్సు పై అంతస్తులో నడిచే ఆ కోచింగ్ సెంటర్లో అసలే కాదు. అందుకే ముప్పై మంది పిల్లలూ ఆయన తలను వదిలేసి, చేతిలోని స్టీలు డబ్బాను చూశారు.

ముందు బెంచీలోని కోమలి ఆగలేకపోయింది.

“సార్, కొండ లడ్డూ తెచ్చినారా?”

సారు నవ్వాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక గీత గీసుకున్నాడు. డబ్బాను బల్ల మీద, సరిగ్గా కోమలి ముక్కు ముందు పెట్టి, చివర్లో అందరికీ పెడతానన్నాడు.

ఇక ఎవరూ ఊరుకోలేదు. పుత్తూరు నుంచి వచ్చే మునిచంద్ర, జనం ఎక్కువగా ఉన్నారా అని అడిగాడు. ఇసకేస్తే రాలనంత ఉన్నారన్నాడు సారు. నడిచినారా అని వెనక బెంచీ ఆరా తీసింది.

“బాగా నడిచినాను. కాళ్ళు ఇంకా పీకతా ఉండాయి.”

అలిపిరి మెట్లు తలుచుకుని క్లాసంతా జాలిపడింది.

కోమలికి ఆ జాలి కూడా పడే తీరిక లేదు. గ్రూప్ టూ రెండుసార్లు రాసింది. రెండుసార్లూ రీజనింగే ముంచింది. ఈసారీ పోతే సత్యవేడుకు వచ్చి చెప్పులంగట్లో కూర్చోమని నాయన ఖరాఖండిగా చెప్పేశాడు. జీవితాంతం ఊరివాళ్ళ కాళ్ళ సైజులు చూస్తూ కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తుంది. సారు స్పెషల్ బ్యాచ్‌లో ఒకే ఒక్క సీటు మిగిలింది. అది తనకే రావాలి.

సారు పరీక్షకు కాగితాలు పంచలేదు.

“నేను గడప దాటినప్పటి నుంచి గంట కొట్టేదాకా, ఈ గదిలో పది తర్కదోషాలు వినబడతాయి. వినేదానికి నిజం మాదిరి ఉంటాయి, లోపల అంతా డొల్ల. పదీ పట్టినోళ్ళకు సీటు.”

అని, వెంటనే ప్యాంటు మడత పైకి లాగి, మోకాలు మునిచంద్ర ముందు పెట్టాడు. పుత్తూరోళ్ళందరికీ ఎముకలు కట్టడం వచ్చు కాబట్టి కొంచెం చూడప్పా అన్నాడు. మునిచంద్ర నిజంగానే మోకాలు నొక్కి చూశాడు. క్లాసు గొల్లుమంది.

ఒకరిద్దర్ని చూసి ఊరందరికీ అంటగట్టడం, అని కోమలి రాసుకుంది. ఒకటి.

ఆ తర్వాత సారును ఆపేవాళ్ళు లేరు. పక్కింటి వసంతమ్మ గొడుగు పట్టుకుని బయల్దేరినప్పుడల్లా వాన పడుతోందట, వానలు కావాలంటే ప్రభుత్వం ఆమెకు ఇంకో నాలుగు గొడుగులు కొనివ్వాలట. ఈరోజు టీకి వదిలితే రేపు సినిమాకు, ఎల్లుండి చెన్నైకి, ఆపైన ఏకంగా ఓడెక్కి పోతారు కాబట్టి టీ బందు అన్నాడు. నందిని అనే అమ్మాయి అడ్డం చెబితే, ఇందాక లేటుగా వచ్చినోళ్ళ మాటకు విలువేమిటన్నాడు. తనతో ఒప్పుకోనివాళ్ళు రాయలసీమకే శత్రువులని తేల్చేశాడు. అలాంటివే ఇంకో నాలుగు వదిలాడు. పిల్లలు బెంచీలు చరిచారు. కింద మెస్సాయన ఏదో కూలుతోందనుకుని పైకొచ్చి, ద్వారం దగ్గరే నిలబడిపోయి తానూ నవ్వాడు.

గంట కొట్టడానికి ఐదు నిమిషాలుంది. కోమలి లెక్క తొమ్మిది. మునిచంద్రదీ తొమ్మిదే.

పదోది ఏదీ?

మునిచంద్ర లేచి, సారు మోకాలు చూపించుకుని తనకు ఫీజు ఇవ్వకపోవడం పదో తప్పన్నాడు. అది తర్కదోషం కాదప్పా, గ్రహదోషం అన్నాడు సారు. మళ్ళీ నవ్వులు.

కోమలి నవ్వలేదు. సారు చెప్పిన ప్రతి మాటనూ మళ్ళీ తిరగేసింది. తొమ్మిదే వచ్చాయి. చెప్పుల అట్టపెట్టెలు కళ్ళ ముందు వరసగా పేర్చుకుంటున్నాయి. బాధగా గట్టిగా ఊపిరి పీల్చింది.

మళ్ళీ పీల్చింది.

జానెడు దూరంలో డబ్బా ఉంది. గంట నుంచీ ఉంది. నేతి వాసన లేదు. ఏలకుల వాసనా లేదు.

సారు అన్నది ‘ఈ గదిలో’ అని. తాను చెబుతానని అనలేదు. అసలు గీత గీసుకున్నదెప్పుడు?

ఆమె చీటీ రాసి ఇచ్చింది. సారు దాన్ని పైకే చదివాడు.

“పదో తప్పు అన్నిటికంటే ముందు నేనే చేసినాను సార్.”

మునిచంద్రకు అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు. సారు మాత్రం పడీపడీ నవ్వాడు. స్పెషల్ బ్యాచ్ జాబితాలో కోమలి పేరు ఎక్కించి, ఆమెను చెయ్యి చాపమన్నాడు.

“మక్కాకు పోయి ఉమ్రా చేసిన మగోళ్ళు గూడా గుండు చేయించుకుంటారు గదమ్మా,” అంటూ షాకిర్ సారు డబ్బా మూత తీసి, మొదటి ఖర్జూరం కోమలి చేతిలో పెట్టాడు.