గురువారం శిష్యుడు

"చెవులున్నాయా, మూసుకుపోయాయా? మళ్లీ తప్పే!"

కర్సోముల్యో తాత కమానుతో శిష్యుడి వేళ్ల మీద ఒక్కటి వేశాడు.

యాభై ఏళ్ల సుయత్నో తలొంచుకున్నాడు. "క్షమించండి గురువుగారూ. ఒక్కసారి మీరు వాయించి చూపించండి."

తాత రెబాబ్‌ను ఎదురుగా నిలబెట్టుకుని, ఆ వాద్యపు రెండు తీగల మీద పాట చివరిదాకా వాయించాడు.

బయట టెంపే పులియబెట్టడానికి సోయాగింజలు అరటాకుల్లో చుడుతున్న వాగిరాకు ఒళ్లు మండింది.

ఇరవై అయిదేళ్లు జకార్తాలో ఇళ్లల్లో పనిచేసి, మతిమరుపు ముదురుతున్న తండ్రి కోసం తిరిగొచ్చిందామె. ఆయన కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు?" అంటున్నాడు. ఈ మనిషేమో ప్రతి గురువారం సోలో పట్నపు సంగీత కళాశాల నుంచి బస్సులో వచ్చి, ఆయన చేత అరిపించి పోతాడు.

అతను వెళ్లబోతుంటే గుమ్మం దగ్గర అడ్డం నిలిచింది.

"ఏడాదైంది. ఒక్క పాటైనా వచ్చిందా మీకు?"

"నాది మందబుద్ధి చెల్లెమ్మా."

"దానికి మా నాన్న ప్రాణం తీస్తారా? అరిచి అరిచి ఆయాసంతో పడిపోతున్నాడు. ఇక రాకండి."

అతను ఏదో చెప్పబోయాడు. లోపల తాత దగ్గు వినబడగానే నోరు మూసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

తర్వాతి గురువారం తాత పొద్దున్నే చొక్కా మార్చుకుని కూర్చున్నాడు.

"ఆ మొద్దు రాలేదేం?"

"వస్తాడులే నాన్నా."

నాలుగు గురువారాలు అడిగాడు. అయిదో గురువారం అడగలేదు. రెబాబ్ చేతికిస్తే, అదేమిటో తెలియనట్టు పక్కన పెట్టేశాడు.

ఆ తర్వాత మాట పోయింది. వానలు పడకముందే మనిషీ పోయాడు.

నలభయ్యోనాటి ప్రార్థనకు అతన్నీ పిలుద్దామని వాగిరా సోలోలోని సంగీత కళాశాలకు వెళ్లింది.

"ఇక్కడ సుయత్నో అని, పెద్ద వయసు విద్యార్థి... పాఠం సరిగా రాదు పాపం."

వరండాలో ఉన్న అమ్మాయి తెల్లబోయింది.

"విద్యార్థా! మా పంతుళ్లకే పాఠం చెప్పినాయనమ్మా. దేశమంతా కచేరీలు చేశారు."

లోపలి నుంచి రెబాబ్ వినిపించింది. తండ్రి పాట. ఎక్కడా తొట్రుపాటు లేదు. కిటికీలోంచి చూస్తే వాయిస్తున్నది సుయత్నో. "అది మా నాన్న పాట!" అంది.

అమ్మాయి బీరువాలోంచి పాత పుస్తకం తెచ్చింది. అట్ట మీద కర్సోముల్యో బొమ్మ.

"ఆయన దగ్గర నేర్చుకుని, అరవై నాలుగు పాటలూ సార్ ఇరవై రెండేళ్ల కిందటే రాసిపెట్టారు."

వాగిరా పుస్తకం చేతిలోకి తీసుకుంది. "మరి మా ఇంట్లో... ఒక్కటీ సరిగా వాయించలేదే?"

అమ్మాయి స్వరం తగ్గించింది.

"దిద్దుతున్నంతకాలం గురువుగారు ఆ పాటలు మర్చిపోరని, ఏ వారం ఏ తప్పు చేయాలో సార్ ఇక్కడ ముందే సాధన చేసుకుని వెళ్లేవారమ్మా."