మనిషి లేని బాట

"అమ్మా, ఈ బొమ్మ లోపట మనిషి ఏడి?"

మనోజ తిరిగి చూసింది. యాభై దాటిన మనిషి. చెంపల మీద మేకప్ ఇంకా పూర్తిగా పోలేదు. సినిమాల్లో చిన్న వేషాలు వేసే కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు ఎవరో అనుకుంది.

జూబ్లీహిల్స్ గ్యాలరీలో ఆ రోజు ఆమె తండ్రి సుబ్రహ్మణ్యం బొమ్మల ప్రదర్శన. బతికినంత కాలం సినిమా సెట్లకు తెరలు గీసిన మనిషి. తనకోసం గీసుకున్నది ఎదురుగా ఉన్న ఈ ఒక్కటే, డచ్ చిత్రకారుల పద్ధతిలో. అడుగున సన్నగా నేల, దూరంగా గాలిమర, వానకు తడిసిన బాట. పైనంతా మబ్బులు పట్టిన ఆకాశం.

"మనిషి లేడండీ. ఆ ఖాళీయే దాని అర్థం."

"గదెట్లమ్మా?"

"అంత పెద్ద ఆకాశం కింద మనిషికి చోటు లేదని."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. ఇంటికి పోతున్న మనిషిని ఒకణ్ణి పెట్టాలె. గా మనిషి కనబడితేనే ఆకాశం ఎంత పెద్దదో ఎరుకైతది. డచ్చోళ్లు గట్లనే ఏస్తరంట. సారు..."

బయట కారు ఆగింది. పేరున్న దర్శకుడు దిగాడు. కెమెరాలు అటు పరిగెత్తాయి.

"కాస్త పక్కకి జరగండి," అంది మనోజ. " వేషాల సంగతైతే ఇక్కడ కాదు, ఆఫీసుల్లో అడగండి."

ఆయన ముఖం చిన్నబోయింది.

"వేషం కోసం రాలేదమ్మా."

బొమ్మకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

దర్శకుడికి గోడల మీది సినిమా తెరలన్నీ చూపిస్తూ మనోజ మళ్లీ ఆ బొమ్మ దగ్గరికి వచ్చింది.

"ఈ ఖాళీ బాట..." అంటూ మొదలుపెట్టింది. అంతలో 'సారు...' అని ఆయన మధ్యలో ఆపేసిన మాట గుర్తొచ్చింది.

నాన్న ఈ బొమ్మను ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చూపించలేదు. ఒకరోజు దాన్ని తడి ఆరకముందే స్టాండు మీద వదిలి, రంగు కొనుక్కొస్తానని యూసుఫ్‌గూడ వెళ్లాడు. దారిలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

మనిషిని పెట్టాలనుకున్న సంగతి కన్నకూతురికే తెలియదు. ఆ మేకప్ మనిషికి ఎవరు చెప్పారు?

దర్శకుణ్ణి అక్కడే వదిలి బయటికి పరిగెత్తింది.

గేటు దగ్గర తల్లి శ్యామలాదేవి రోడ్డుకేసి చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, ముఖానికి రంగున్న ఆయన ఇటు వచ్చాడా?"

"ఇప్పుడే బస్సెక్కాడే. గట్టిగా పిలిచాను, వినిపించుకోలేదు." ఆమె మనోజ చెయ్యి పట్టుకుంది. "లోపలికొచ్చాడా? నీతో మాట్లాడాడా? పేరేంటట?"

"అడగలేదమ్మా."

"ఆ రోజు నేనూ అడగలేకపోయాను. నువ్వు బెంగళూరు నుంచి వచ్చేసరికే వెళ్లిపోయాడు."

"ఎవరమ్మా ఆయన?"

శ్యామలాదేవి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మీ నాన్నని ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని, ఊపిరి ఆగేదాకా మాట్లాడిస్తూ హాస్పిటల్‌కి తెచ్చిన మనిషి ఆయనేనే."