పడవ దగ్గర ఆగిపోయే లాప్‌టాప్

లాప్‌టాప్ మళ్లీ ఆరిపోయింది. ఈసారి కూడా సరిగ్గా పడవ దగ్గరే.

"అయిపోయింది నా పని!" అని కోడలు నెత్తిన చేతులు పెట్టుకుంది.

దాన్ని కొని పన్నెండు రోజులే అయింది. మూత మీది పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తీయలేదు. సినిమా పెడితే రెండున్నర గంటలు గుక్క తిప్పుకోకుండా ఆడుతుంది. ఉత్తరాలు పంపుతుంది, పాటలు పాడుతుంది. సీరియల్ ఆఖరి భాగం తెరిచి పడవని నది మధ్యకి తీసుకెళ్లేసరికి మాత్రం ఠక్కున ఆరిపోతుంది.

కోడలు ఒక వారపత్రికకి సీరియల్ రాస్తోంది. పడవ నడిపి తమ్ముళ్లని చదివించే ఒక పిల్ల కథ. నలభై ఏడు వారాలుగా వస్తోంది. పోయిన ఆదివారం ఆమె హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఎడిటరుకి ఫోన్లో ముగింపు వినిపిస్తే, "పడవ మునగాలి, పాఠకులు ఏడవాలి, అదిరింది" అన్నాడు. ఆ ముగింపు ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా ఆయనకి చేరాలి. చేరకపోతే నాలుగు ముక్కలు తనే రాసి వేసేసుకుంటానని తెగేసి చెప్పాడు. ఏడాదిగా పెంచుకున్న పిల్లని ఆఖరి రోజున ఇంకొకరి చేతిలో పెట్టడమంటే కోడలికి ప్రాణం విలవిల్లాడుతోంది.

కిటికీ పక్కన కూర్చుని అత్తగారు బఠానీలు ఒలుస్తోంది.

"పాపం, దానికి మాత్రం ఎంతని ఓపికుంటుంది? నీ రాతలు మోయలేక మూర్ఛపోతోంది," అంది.

అత్తగారు ముప్పై మూడేళ్లు లెక్కల టీచరు. కథలంటే ఆవిడ దృష్టిలో పనీపాటా లేనివాళ్ల వ్యవహారం. శుక్రవారం పత్రిక రాగానే అందరికంటే ముందు తనే అందుకుంటుంది, అలమరా అరల్లో పరవడానికి. మొగుడి సంగతి సరేసరి, సీరియల్ పేరు దగ్గరే ఆవలిస్తాడు. ఊళ్లో వాళ్లంతా చదివే తన కథని ఇంట్లో ఒక్కరూ చదవరన్నది కోడలికి లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

మెకానిక్ రావడం ఇది నాలుగోసారి. అత్తగారి పాత శిష్యుడే. సోమవారం తెలుగు ఫాంట్లు వేసి వెళ్లాడు. తర్వాత, వేడెక్కుతోందేమోనని పరుపు మీంచి తీయించి కింద చెక్క పెట్టించాడు. మూడోసారి ఛార్జర్ మార్చి, అప్‌డేట్లు చేసి, ఒక రోజంతా తన షాపులో ఉంచుకున్నాడు. అక్కడ మహా బుద్ధిగా పనిచేసిందట.

"సరిగ్గా ఎక్కడ ఆగింది అక్కా?"

"'పడవ మునిగి' అని కొట్టాను. అంతే! నిన్న 'జలసమాధి' అని చూశాను. ఆగింది. పోనీ 'కన్నుమూసింది' అని రాస్తే అదీ కన్నుమూసింది."

అత్తగారు దగ్గింది. మెకానిక్ చటుక్కున లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్లొచ్చినా ఆ దగ్గు వింటే పదిహేనో ఎక్కం అడుగుతుందేమోనని అతనికి గుండె దడ.

"నిన్ను కాదులే, కూర్చో," అంది ఆవిడ.

అతను నుదురు తుడుచుకుని స్క్రీన్ వైపు చూస్తూ, "ఈ ఫాంటుకీ కొన్ని అక్షరాలకీ పడట్లేదక్కా. కొత్త మోడళ్లలో ఇలాంటివి వస్తుంటాయి," అన్నాడు.

"అయితే ఫాంటు మార్చు!"

"మొత్తం తుడిచి మళ్లీ వేయాలి. రేపటికి గానీ అవదు."

అప్పటికి నాలుగుంపావు. కాగితం మీద రాసిస్తే పత్రికాఫీసులో టైపు చేసే దిక్కు లేదు. ఫోన్లో కొడదామంటే పది పేజీలు బొటనవేళ్లతో ఎప్పటికి తెములుతాయి?

"ఒక ఫాంటు కోసం నా కథ మార్చుకోవాలా? ఇంతకంటే అన్యాయం ఉంటుందా?" కోడలికి ఏడుపొచ్చేసింది.

అత్తగారు ఇంకో బఠానీ కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది.

కోడలు ముక్కు తుడుచుకుని కూర్చుంది. నీళ్లు పిల్ల నడుము దాకా వచ్చాయని రాసింది. లాప్‌టాప్ కిమ్మనలేదు. పిల్ల తెడ్డు వదిలేసి తాడు అందుకుందని రాసింది. అయినా కిమ్మనలేదు. ఆ తర్వాత ఆమెకి ఫాంటు సంగతే గుర్తులేదు. వేళ్లు పరిగెత్తాయి. నిజం చెప్పాలంటే ఆ పిల్లని చంపడానికి ఆమెకీ మనసొప్పలేదు. పిల్ల ఒడ్డు చేరి, తమ్ముళ్లని కావలించుకునేసరికి కోడలు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో టైపు చేస్తోంది.

నాలుగూ యాభై ఆరుకి పంపేసింది. ఐదుంపావుకి ఎడిటరు ఫోన్ చేశాడు.

"బతికించేశారేం? పోన్లెండి, ఇదే బాగుంది. లేకపోతే మా ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనిచ్చేది కాదు."

కోడలు పకపకా నవ్వింది.

"అయిందా సోది? ఇంక పత్రిక రాకపోతే నా అరలకి కాగితాలెక్కణ్నించి తేను?" అంటూ అత్తగారు తొక్కలు ఎత్తి లేచింది.

మెకానిక్ సంచి సర్దుకుని బయటికి నడిచాడు. గేటు వేసొస్తానని ఆవిడ అతని వెనకే వెళ్లింది.

ఒకసారి ఇంటివైపు చూసి, చీర చెంగుతో గబగబా కళ్లొత్తుకుని, "రేపొచ్చి, నేను రాసిచ్చిన ఆ చావు మాటలు కొట్టగానే ఆరిపోయేలా నువ్వు పెట్టిన ప్రోగ్రాం తీసెయ్యరా, మన పడవపిల్ల గట్టెక్కింది," అంది అత్తగారు.