మూడు సైట్లకూ ఒకే మొహం

“నా ఫొటో గింత చిన్నగైతే జనం నన్నెట్ల గుర్తుపడ్తరమ్మా?”

జగిత్యాల ఆఫీసు సమావేశంలో ప్రభాకర్ రావు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఫొటో పెద్దదవలేదు.

“జనం ఫారాల కోసం వస్తరు సర్,” అంది రమ.

పౌర సేవా సంస్థకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మూడు ఆఫీసులున్నాయి. మూడింటికీ పెద్దసారు ప్రభాకర్ రావే. ఆఫీసుకో వెబ్‌సైటు, సైటుకో అవతారం. జగిత్యాల సైటు తెరిస్తే పైనుంచి గులాబీలు రాలుతుండేవి. సిరిసిల్ల సైటులో అక్షరాలు కుక్క తరిమినట్టు అటునుంచి ఇటు పరుగెత్తేవి. కోరుట్ల సైటు చూడ్డానికి బోసిగా ఉండేది గానీ, కావాల్సిన ఫారం అందులోనే దొరికేది. అది రమ చేసిన సైటు.

ఇక మీదట అన్ని సైట్లూ ఒకే తీరుగా ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ముగ్గురు కాంట్రాక్టు ఆపరేటర్లూ కూర్చుని నిబంధనలు రాయాలన్నారు. జగిత్యాల విశాల్ టీ తాగాడు. సిరిసిల్ల సాకేత్ రావు ఫోను చూసుకున్నాడు. నిబంధనలు రమ రాసింది.

“అక్కా, మా ఊరి పేరు బంగారు రంగుల మెరుస్తుండె. గదొక్కటన్న ఉంచరాదు,” అని సాకేత్ బతిమాలాడు.

“మెరుపులు గిరుపులు ఏం లేవు. అందరికీ నీలం పట్టీ, నడుమ ముద్ర. ఊరి పేరు మూలకు చిన్నగుంటే సాలు.”

“సర్ ఫొటో కన్న చిన్నగనా?”

“గంతకన్న చిన్నగనే.”

ఆ మాటకు ప్రభాకర్ రావు మనసు కొంచెం కుదుటపడింది. వెంటనే సంతకం పెట్టాడు.

నెల తిరిగేసరికి మూడు సైట్లూ ఒకే కాన్పులో పుట్టినట్టు తయారయ్యాయి. సారు ముగ్గురినీ మళ్ళీ పిలిచి మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు.

“సైట్లన్నీ ఒక్కతీరుగ ఉన్నప్పుడు ముగ్గురు మనుషులెందుకని పైనోళ్లు అడుగుతున్నరు. ఒక్కరికే కాంట్రాక్టు పొడిగిస్తరట. పది రోజులు చూద్దాం. ఎవరి సైటుకు ఎక్కువమంది వస్తే వాళ్లే ఉంటరు.”

రమది ఆరేళ్ల నౌకరి. ఇల్లు నడిచేది ఆ జీతం మీదే.

“సర్, మా సైటుకు ఒక్కసారి వస్తెనే పని అయిపోతది. మళ్ల ఎందుకొస్తరు?”

“పని అయితే ఖుషీగ మళ్ల వస్తరమ్మా.”

ఈ ఆఫీసుకు ఖుషీగా రెండోసారి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలనిపించింది రమకు.

ఆ సాయంత్రం కోనరావుపేటలో ఉన్న తండ్రికి ఫోన్ చేసి, సైట్ల పోటీ సంగతి చెప్పి ఏడ్చేసింది. లింగన్న మస్కట్‌లో పద్దెనిమిదేళ్లు క్రేన్ నడిపి వచ్చిన మనిషి. ఎంత బరువైనా సరైన మీట నొక్కితే లేస్తుందని ఆయన నమ్మకం.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. మంచిగ పనిజేసేటోళ్లను ఎవలు తీసేస్తరు?”

ఎవరు తీసేస్తారో రమకు తెలుసు. పొద్దున్నే ప్రతి ఫారం పక్కన ఏమేం కాగితాలు తేవాలో రాసిపెట్టింది. పనిచేయని లింకులు సరిచేసింది. వచ్చిన ఫోనల్లా ఎత్తింది. వారం గడిచేసరికి కోరుట్ల లెక్క రెండొందల పది. జగిత్యాలది రెండొందల తొంభై. అందులో రెండొందలు ప్రభాకర్ రావు తన ఫొటో చూసుకోవడానికి తెరిచినవే.

సిరిసిల్లది ముప్పై రెండు వేలు.

రమ ఆ సైటు తెరిచి చూసింది. మొదటి ఫారం నొక్కితే కదల్లేదు. రెండోదీ అంతే. కోపమొచ్చి సాకేత్‌కు ఫోన్ చేసింది.

“ఏం దొంగపని చేసినవ్ రా?”

“నీ మీదొట్టు అక్కా, నాకే సమజైతలేదు. మా ఇంట్లోళ్లు గూడ చూడరు నా సైటును!”

పదో రోజున సిరిసిల్ల లెక్క నలభై ఒక్క వేలు దాటింది. కోరుట్లది మూడొందల పన్నెండు.

“బయటి దేశాల నుంచి గూడ చూస్తున్నరట!” అన్నాడు ప్రభాకర్ రావు.

సాకేత్ అప్పటికి తేరుకున్నాడు. “సిరిసిల్ల చీరలకు అంత పేరుంది సర్.”

కాంట్రాక్టు అతనికే ఇచ్చారు. రమ పాస్‌వర్డులన్నీ కాగితం మీద రాసిచ్చి, కోనరావుపేట బస్సెక్కింది.

లింగన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. కుడి బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. కూతుర్ని చూసి లేచి ఎదురొచ్చాడు.

“నౌకరి నీకే అచ్చింది గదా బిడ్డా! నాకు ముందుగాలనే ఎర్క.”

రమ కళ్ళు తుడుచుకుంది. ఆయన దాన్ని సంతోషమే అనుకున్నాడు.

“సంస్థ పేరు కొట్టంగనే నీ సైటు వచ్చింది. పది రోజుల సంది నొక్కుతనే ఉన్న, వేలు పొక్కింది. మస్కట్ల మా రూమోళ్లకు గూడ లింకు పంపిన. డ్యూటీ దిగంగనే వాళ్లూ నొక్కుడే. ముత్యం ఒక్కడే ఐదు వేలు కొట్టిండు! ఫారం ఒక్కటి గూడ తెరుసుకోలే గని, మనకు ఫారంతోని ఏం పని?”

గర్వంగా ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. నీలం పట్టీ, నడుమ ముద్ర, పక్కన సారు చిన్న ఫొటో. అన్నీ తను రాసినట్టే ఉన్నాయి. రమ రెండు వేళ్లతో తెర మూలను పెద్దది చేసింది.

‘సిరిసిల్ల’ అని ఉంది.